చెయ్యి వాచింది, ఛాతీలో సిర మూసుకుపోయింది... ఇక డయాలసిస్ ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నాలుగేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. మొదట్లో మెడకు రెండుసార్లు లైన్ (సిరలోకి వేసే గొట్టం) వేశారు, తర్వాత ఎడమ చేతికి ఫిస్ట్యులా (డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరకు కలపడం) పెట్టారు. ఇప్పుడు ఆ చెయ్యి భుజం దాకా వాచింది. సూది తీశాక అరగంటైనా రక్తం ఆగట్లేదు. ఛాతీలో పెద్ద సిర మూసుకుపోయిందట. ఫిస్ట్యులా కట్టేసి తొడకు లైన్ వేస్తామంటున్నారు. వేరే దారి లేదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉంది. కట్టేయడానికి ఒప్పుకునే ముందు వీనోగ్రామ్ (సిరలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేయించండి. మెడ లైన్ సిర గోడకు రాసుకుని లోపల మచ్చ కడుతుంది, దారి సన్నబడుతుంది. ఫిస్ట్యులా రక్తం ఉధృతంగా వచ్చి పడ్డాకే అది బయటపడుతుంది. కట్టేస్తే వాపు తగ్గుతుంది, నిజమే. కానీ పనిచేస్తున్న ఫిస్ట్యులా చేజేతులా పోతుంది.

వీనోగ్రామ్‌లో సన్నటి తీగ అడ్డంకిని దాటితే, అప్పుడే 12-14 మి.మీ. బెలూన్‌తో దారి వెడల్పు చేస్తారు. కొద్ది రోజుల్లో వాపు దిగుతుంది. చిక్కల్లా అది ఎక్కువ కాలం నిలవకపోవడమే. చాలామందికి కొన్ని నెలల్లోనే మళ్లీ సన్నబడుతుంది, మళ్లీ బెలూన్ వేయాల్సి వస్తుంది. బెలూన్ తీయగానే సిర ముడుచుకుపోయినా, మూడు నెలల్లోపే మూసుకున్నా స్టెంట్ (సిరను తెరిచి ఉంచే జాలీ గొట్టం) ఆలోచిస్తారు. ఆ స్టెంట్ మెడ సిర కలిసేచోటును కప్పేయకూడదని ముందే చెప్పండి. కప్పేస్తే రేపు అటువైపు మెడ లైన్‌కు చోటుండదు.

ఇవేవీ కుదరకపోతే కుడి వైపు సిరలు చూడమనండి. అవి బాగుంటే ఆ చేతికి కొత్త ఫిస్ట్యులా పెట్టవచ్చు. రెండు వైపులా పాడైతే హీరో గ్రాఫ్ట్ అనే కృత్రిమ రక్తనాళం ఉంది. దాని గొట్టం అడ్డంకిని దాటి గుండె కుడి గదిలోకి చేరుతుంది. అయితే పై బీపీ 100 కంటే తగ్గుతూ ఉండేవారికి అందులో రక్తం గడ్డకడుతుంది. తొడలోనూ ఇలాంటి కృత్రిమ నాళం (తొడ గ్రాఫ్ట్) పెట్టవచ్చు, కానీ దానికి ఇన్ఫెక్షన్ బెడద ఎక్కువ, కాలికి రక్తప్రసరణ బాగుండాలి.

తొడ లైన్‌ను మాత్రం చివరికి ఉంచుకోండి. కిడ్నీ మార్పిడిలో కొత్త కిడ్నీని కలిపేది తొడ సిరకు పైనున్న సిరకే. అది చెడితే మార్పిడి కష్టమవుతుంది.

సిరలతో పనిలేని పొట్ట డయాలసిస్ గురించీ ఇప్పుడే అడగండి. పొట్టలోకి ట్యూబ్ వేశాక సాధారణంగా రెండు వారాలు ఆగి, రోజుకు మూడు నాలుగుసార్లు రెండేసి లీటర్ల ద్రవం మార్చుకుంటారు. పొట్టకు పెద్ద ఆపరేషన్లు అయి ఉంటే కుదరకపోవచ్చు.

అప్పటిదాకా వాచిన చేతిని దిండు మీద ఎత్తుగా ఉంచండి. ముఖం వాచినా, పడుకుంటే ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కుడి చేతికి సెలైన్ పెట్టాల్సివస్తే మణికట్టు కింద, చెయ్యి వెనకవైపే పెట్టమనండి. కాలర్ ఎముక కింద లైన్ వద్దని గట్టిగా చెప్పండి.