డబ్బు రెండు చోట్ల పెట్టారన్న లెక్క

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీకు లెక్కలు రాకపోవడమేం లేదు, ప్రశ్న పూర్తిగా చదవకముందే ఎక్స్ అని రాసేసి, నాలుగు లైన్లు పోయాక ఆ ఎక్స్ ఏంటో నువ్వే మర్చిపోతున్నావు.

నీ లెక్కే తీసుకుందాం. 20,000 రెండు చోట్ల పెట్టారు, ఒకచోట ఏడాదికి 6 శాతం, ఇంకోచోట 9 శాతం, ఏడాది తిరిగేసరికి వడ్డీ మొత్తం 1,380 వచ్చింది. ఎక్కడ ఎంత పెట్టారు? ముందు పెన్ను పక్కన పెట్టు. డబ్బంతా 6 శాతంలోనే ఉంటే 1,200 వచ్చేది, అంతా 9లో ఉంటే 1,800. వచ్చింది 1,380, అంటే 1,200కే దగ్గర, కాబట్టి సగానికి పైగా 6 శాతంలోనే ఉండాలి. ఇంత తెలిశాక ఇంక టెన్షన్ దేనికి?

'ఎక్స్ = 6 శాతం' అని రాశావు చూడు, గోలంతా అక్కడే మొదలైంది. నువ్వు కనుక్కోవాల్సింది శాతం కాదు, వడ్డీ కాదు, 6 శాతంలో పెట్టిన అసలు. ఎక్స్ అనే పెట్టాలని రూలేం లేదు, నేనైతే అసలుకి 'అ' అని పెట్టుకుంటాను, మర్చిపోదామన్నా మర్చిపోలేం. రెండోచోట పెట్టింది 20,000 − అ. ఇక్కడిదాకా పెట్టిన డబ్బు సంగతే, వడ్డీ ఊసే లేదు. వడ్డీ సంగతి విడిగా రాయి:

0.06అ + 0.09(20,000 − అ) = 1,380

ఆ బ్రాకెట్ నువ్వు ఎగ్గొట్టావు. అప్పుడు 0.09 × 20,000 − అ అయింది, అంటే వడ్డీలోంచి అసలు తీసేశావన్నమాట, అందుకే జవాబు 447 దగ్గరికి పడిపోతుంది! ఇంకోచోట 9 శాతాన్ని 0.9 అన్నావు, అది 90 శాతం, అంత వడ్డీ ఎవరిస్తారు నాయనా.

సరైన సమీకరణంలో బ్రాకెట్ విప్పితే 1,800 − 0.03అ = 1,380, కాబట్టి 0.03అ = 420, అ = 14,000. రెండోది 6,000. వడ్డీలు 840, 540, కలిపితే 1,380. ఈ సరిచూసుకోవడం మాత్రం మానకు, అర నిమిషం పని. అడిగింది 9 శాతంలో ఎంత అనైతే జవాబు 6,000, మొదట వచ్చింది కదా అని 14,000 రాసొచ్చేవాళ్లు బోలెడుమంది.

నాకు ఇష్టమైన దారి ఇంకోటుంది. అంతా 6లోనే ఉందనుకుంటే 180 తగ్గింది కదా. ప్రతి నూరూ 9లోకి మారిస్తే 3 ఎక్కువొస్తుంది, 180 రావాలంటే 60 నూర్లు మార్చాలి, అదే 6,000. సమీకరణమే అక్కర్లేదు. పరీక్షలో సమీకరణంతోనే చెయ్యమంటారు కాబట్టి దీన్ని సరిచూసుకోవడానికి వాడుకో.

నీ రెండో లెక్కలో ఒకచోట నష్టం వచ్చిందన్నాడు కదా, అక్కడ వడ్డీల మధ్య ప్లస్ బదులు మైనస్ పెట్టు, అసళ్లు మాత్రం కూడికే. రాత్రికి చేసి ఫోటో పంపు.

మావయ్య