రివర్‌సైడ్ వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నీకు కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒకటైతే, నువ్వు అడిగిన ప్రశ్న ఇంకొకటి. "పెద్దమ్మా, గాలి కాలుష్యం మీద పని మొదలుపెట్టేముందు ఏం చదివి వెళ్లమంటావ్?" అన్నావు కదా. ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను.

లాస్ ఏంజెలెస్‌ని కమ్మిన స్మాగ్, అంటే పొగమంచులాంటి కలుషిత గాలి, ఎలా పుడుతుందో తేల్చిన రసాయన శాస్త్రవేత్త అరీ హాగెన్-స్మిట్ పేపర్లు ఒక మూడు చదువు. మోడలింగ్ పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు. మూడిట్లోనూ ముందు 1952లో ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో వచ్చినది చదువు. అది గాలి గురించి కాదు, ఆకుల గురించి. తర్వాత అదే ఏడాది ఇండస్ట్రియల్ అండ్ ఇంజనీరింగ్ కెమిస్ట్రీలో వచ్చిన లాస్ ఏంజెలెస్ స్మాగ్ పేపరు. ఆఖరున 1953లో బ్రాడ్లీ, ఫాక్స్‌లతో కలిసి ఓజోన్ ఎలా పుడుతుందో రాసినది. ఈ వరసలోనే ఎందుకు చదవమంటున్నానో చెప్తాను.

ఆయన 1900లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పుట్టారు. చదువు కూడా అక్కడే. మొక్కల హార్మోన్ల మీద పనిచేసి, 1937లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న క్యాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయానికి వచ్చారు. గాలితో ఏ సంబంధమూ లేని మనిషి. అనాసపండుకి ఆ వాసన దేనివల్ల వస్తుందో తేల్చడానికి పండ్ల నుంచి వచ్చే ఆవిరిని బాగా చల్లబరిచి, చుక్కలుగా పట్టి, ఏ చుక్కలో ఏముందో చూస్తుండేవారు.

అప్పటికి లాస్ ఏంజెలెస్ వాళ్లు స్మాగ్‌తో విసిగిపోయి ఉన్నారు. 1943 జులైలో ఒకరోజు అది ఎంత దట్టంగా కమ్ముకుందంటే, యుద్ధకాలం కదా, శత్రువులు విషవాయువు వదిలారేమో అని జనం భయపడ్డారు. ఊళ్లో ఒక సింథటిక్ రబ్బరు కర్మాగారం మీద అనుమానపడి దాన్ని ఆపించారు. స్మాగ్ పోలేదు. లండన్ లాంటి ఊళ్లలో బొగ్గు పొగ, గంధకం పొగ కారణం కాబట్టి ఇక్కడా సల్ఫర్ డయాక్సైడే అయ్యుంటుందని దాని వెంట పడ్డారు. అది అంతగా దొరకలేదు. కళ్లు మాత్రం మండుతూనే ఉన్నాయి.

ఇక్కడ కాసేపు ఆగు. పరికరం ఒకటి చెప్తోంది, కన్ను ఇంకొకటి చెప్తోంది. చాలామంది అలాంటప్పుడు కన్నుని పక్కనపెట్టి పరికరాన్ని నమ్ముతారు. నేనూ ఒకసారి అదే చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖలో ఒక మేడ మీద శాంపిల్ తీసే పని నాది. గాజు ఇంపింజర్లను, అంటే గాలిని ద్రావణంలోంచి బుడగలుగా పంపే గొట్టాలను, ఐసు పెట్టెలో పెట్టి, వాటిలోంచి నాలుగు గంటల చొప్పున గాలి లాగి, సల్ఫర్ డయాక్సైడ్ లెక్కకట్టేవాళ్లం. మే నెల ఎండ. మధ్యాహ్నానికి ఐసు మొత్తం నీళ్లైపోయింది. మేడ మీద నిలబడితే గొంతు గరగరలాడుతోంది, దగ్గు ఆగడం లేదు. ల్యాబ్‌కి తెచ్చి రంగు వేస్తే ఉండీ లేనట్టు లేత గులాబీ వచ్చింది. అంకె చాలా తక్కువ. "తక్కువొస్తే మంచిదే కదమ్మా, రాసెయ్" అన్నారు పై అధికారి. రాసేశాను. రాత్రి పడుకున్నాక తట్టింది, ఐసు కరిగితే ద్రావణం వేడెక్కి, పట్టుకున్న సల్ఫర్ డయాక్సైడ్ కాస్తా పోతుందని. మర్నాడు వెళ్లి ఆ అంకె కొట్టేసి, "శాంపిల్ చెడింది" అని రాసి సంతకం పెట్టాను. ఆ కొట్టివేత గురించి చాలా మాటలు పడ్డాను. ఇప్పటికీ నేను చేసిన మంచి పనుల్లో అదొకటి అనుకుంటాను.

హాగెన్-స్మిట్ తనకి చేతనైన పనిముట్టే వాడారు. అనాసపండు ఆవిరిని చుక్కలుగా పట్టిన పద్ధతిలోనే క్యాల్‌టెక్ ఉన్న పాసడీనా ఊరి గాలిని వేల ఘనపుటడుగుల మేర చల్లబరిచారు. దొరికింది కొన్ని చుక్కల ముదురు రంగు ద్రవం, ముక్కు దగ్గర పెట్టలేనంత ఘాటు. అందులో గంధకం కాదు, ఆల్డిహైడ్లు, ఆమ్లాలు, పెరాక్సైడ్ల లాంటివి ఉన్నాయి. అంటే పెట్రోలు ఆవిరి లాంటి హైడ్రోకార్బన్లు గాలిలోనే ఆక్సీకరణం చెందుతున్నాయి. అది ఎలా జరుగుతోందన్నదే ఆ తర్వాతి పని అంతా.

ఆకుల పేపరు ముందు చదవమన్నది ఇందుకే. ఆ చుట్టుపక్కల పొలాల్లో పాలకూర, బీట్‌రూట్, లూసర్న్ గడ్డి పాడైపోతున్నాయి. ఆకు అడుగు భాగం వెండిరంగులోకో కంచురంగులోకో మారి, గ్లేజు పూసినట్టు మెరిసేది. సల్ఫర్ డయాక్సైడ్ దెబ్బ అలా ఉండదు. పెట్రోలు ఆవిరిలోని పదార్థాలనీ ఓజోన్‌నీ కలిపి గదిలో మొక్కల మీదకి వదిలితే, పొలంలో చూసిన మెరుపే ఆకు మీదకి వచ్చింది. రైతు కూడా రెండు ఆకులూ పక్కపక్కన పెట్టి పోల్చుకోగల రుజువు అది. ఆ మెరుపుకి అసలు కారణం పాన్ (పెరాక్సీ ఎసిటైల్ నైట్రేట్) అనే పదార్థమని తర్వాత తేలింది. పాన్ మీద మీ రివర్‌సైడ్‌లో కూడా చాలా పని జరిగింది. ఆయన ఎక్కడ సరిగ్గా చెప్పారో, ఎక్కడ సగమే చెప్పారో గుర్తులు పెట్టుకుంటూ చదువు.

ఓజోన్‌ని కొలవడానికి ఆయనా బ్రాడ్లీ వాడినది రబ్బరు. సన్నటి రబ్బరు ముక్కని మడిచి, గాలి తగిలేలా పెట్టి, మడత మీద మొదటి పగులు ఎంతసేపట్లో కనిపిస్తుందో చూడటం. ఓజోన్ ఎంత ఎక్కువైతే పగులు అంత త్వరగా వస్తుంది.

1953 పేపరుకి వచ్చేసరికి లెక్క కుదురుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ మీద ఎండ పడితే ఒక ఆక్సిజన్ పరమాణువు ఊడి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఓజోన్ అవుతుంది. అది మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి మాయమైపోవాలి. హైడ్రోకార్బన్లు మధ్యలో దూరి ఆ నైట్రిక్ ఆక్సైడ్‌ని తినేస్తే ఓజోన్ మిగిలిపోతుంది. ఈ దూరడంలో హైడ్రాక్సిల్ రాడికల్ (గాలిలో దేనితోనైనా ఇట్టే కలిసిపోయే చిన్న కణం) పాత్ర 1970 ప్రాంతంలోగానీ తెలియలేదు. ఈ చర్యల వరస మొత్తం నోట్సు చూడకుండా చేత్తో వేసుకో. 2020 లాక్‌డౌన్‌లో చాలా నగరాల్లో బండ్లు ఆగి నైట్రోజన్ డయాక్సైడ్ తగ్గినా ఓజోన్ పెరగడానికి ఒక కారణం ఇక్కడే కనిపిస్తుంది.

గొడవల సంగతి కూడా చెప్పాలి. చమురు కంపెనీల డబ్బుతో పనిచేస్తున్న పరిశోధకులు ఆయన మాట ఒప్పుకోలేదు. ఒకాయన క్యాల్‌టెక్‌కే వచ్చి ఉపన్యాసంలో ఆయన పనిని తప్పుపట్టారు. అప్పటిదాకా మొక్కల రసాయనానికి వెళ్లిపోదామనుకున్న మనిషి, ఆ కోపంతో స్మాగ్ దగ్గరే ఉండిపోయారు. ఆ కోపాన్ని ప్రయోగాల్లో పెట్టారు. చివరికి పరిశ్రమ డబ్బుతో నడిచిన పరిశోధనల్లోనూ అదే తేలింది. నీకూ అలాంటి రోజొస్తుంది అమ్మలూ. ఆ రోజు మెయిల్ రాయకు. ల్యాబ్‌కి వెళ్లి అదే ప్రయోగం మళ్లీ చెయ్.

1968లో ఆయన కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి ఛైర్మన్ అయ్యారు. ఆ ఏళ్ల గురించి దొరికినంత చదువు. 1966 మోడల్ నుంచి కార్లలో హైడ్రోకార్బన్లూ కార్బన్ మోనాక్సైడూ తగ్గించమని రూలు పెట్టారు. అవి తగ్గాయి, కానీ ఇంజన్‌ని అలా మార్చేసరికి నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగాయి. వాటికి 1971లో వేరే పరిమితి పెట్టాల్సొచ్చింది. అందుకే, నువ్వు తగ్గిద్దామనుకున్నదాన్నే కాకుండా, దాని పక్కనున్నదాన్ని కూడా మొదటి రోజు నుంచే కొలువు.

మన విశాఖ గురించి ఒక్క మాట. ఒకపక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. మా ఆఫీసులో బౌల్ ఏరియా అనేవాళ్లం. లాస్ ఏంజెలెస్ కూడా అలాంటి గిన్నెలోనే ఉంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. నువ్వు అక్కడ నేర్చుకునేది ఇక్కడికి పనికొస్తుంది. కాకపోతే మన ఎండ వేరు, మన బండ్లు వేరు. అక్కడి అంకెలు తెచ్చి ఇక్కడ అతికించకు.

దిగగానే ఒక పని చెయ్. సహజ రబ్బరు ముక్క ఒకటి సంపాదించి, మడిచి దారంతో కట్టి, నీ రూమ్ కిటికీ బయట నీడలో వేలాడదియ్. రోజూ సాయంత్రం భూతద్దంతో మడత చూడు. మొదటి పగులు కనపడగానే తేదీ, టైమూ వేసి నాకు ఫోటో పంపు. నేనూ ఇక్కడ వరండాలో ఇవాళే ఒకటి కట్టాను.

మీ పెద్దమ్మ