లేజర్ తర్వాతా కాలు బరువుగానే ఉంటే

కాలిలో ఉబ్బిన సిరలకు (వేరికోస్ వెయిన్స్) లేజర్‌తో సిర మూయించుకున్నా కాలు బరువు తగ్గలేదని అడిగారు. మూసిన సిర మళ్లీ తెరుచుకోవడం కన్నా పొట్ట ఒత్తిడే కారణం కావచ్చు. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 37 అన్నారు, అంటే బరువు బాగా ఎక్కువ. కూర్చున్నప్పుడు పొట్ట ఒత్తిడి గజ్జల దగ్గరి సిరల మీద పడి, కాలి నుంచి పైకెళ్లే రక్తానికి అడ్డుపడుతుంది. లేజర్ పాడైన సిరను మూస్తుందే గానీ ఈ ఒత్తిడిని తీయదు. అందుకే బీఎంఐ 35 దాటినవాళ్లకు సిర చక్కగా మూసుకున్నా ఉపశమనం తక్కువే ఉండొచ్చు.

1. డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే అల్ట్రాసౌండ్) మళ్లీ చేయించండి. నిలబెట్టి చూడమని అడగండి. పడుకోబెడితే వెనక్కి జారే రక్తం దొరక్కపోవచ్చు.

2. కంప్రెషన్ సాక్స్ (కాలిని బిగుతుగా పట్టి ఉంచే మేజోళ్లు) కొలత. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సాయంత్రం వాచిన కాలికి కొలిస్తే వదులు సైజు వస్తుంది. పొద్దున మంచం దిగగానే చీలమండ పైన సన్నటి చోట, పిక్క బాగా లావున్న చోట చుట్టుకొలత తీయండి. తొడదాకా వచ్చేవి వద్దు. లావు తొడ మీద అంచు చుట్టచుట్టుకుని జారి, తాడు కట్టినట్టు బిగుస్తుంది. దాని కింద వాపు ఇంకా పెరుగుతుంది. మోకాలి కిందివరకు, 20–30 ఎంఎంహెచ్‌జీ (సాక్స్ బిగుతు కొలత, పెట్టె మీద ఉంటుంది) ఉన్నవి సాధారణంగా సరిపోతాయి. షుగర్ ఉన్నా, పాదంలో నాడి సరిగా అందకపోయినా డాక్టరు చూశాకే వేసుకోండి.

3. గంటకోసారి మునివేళ్లపై 20 సార్లు లేవండి. పిక్క కండరమే రక్తాన్ని పైకి తోసే పంపు.

4. బరువు తగ్గించడం చికిత్సలో భాగమే, కానీ అందాకా పై మూడూ ఆపొద్దు.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పెడితే ఇవేవీ చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.