జపంలో చెమటలు పడితే ముందు షుగర్ చూసుకోండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. వయసు 61. ఆరేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ మాత్ర వాడుతున్నాను. పంచాక్షరి లక్ష జపం మొక్కుకుని, రోజుకు 25 మాలల చొప్పున 40 రోజులు పెట్టుకున్నాను. తెల్లవారుజామున స్నానం చేసి, మాత్ర వేసుకుని ఐదింటికి కూర్చుంటాను. పూజంతా అయ్యి పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తినేసరికి తొమ్మిదవుతుంది. పదిహేనో మాల దాటాక ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. మంత్రం సిద్ధిస్తున్న గుర్తని పక్కింటి మావుసి (పిన్ని) అంటోంది. లేచేటప్పుడు ఎడమ పాదం మొద్దుబారుతోంది. జపం ఆపేయాలా డాక్టర్ గారూ?

జవాబు: జపం ఆపక్కర్లేదమ్మా. మాత్ర వేసుకునే వేళ మార్చాలి. మీరు తిన్నారా, ఉపవాసమా అన్నది గ్లిమిపిరైడ్‌కు అనవసరం. కడుపులోకి వెళ్లిందంటే క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. ఐదింటి లోపే మాత్ర, తొమ్మిదింటికి అన్నం అంటే మధ్యలో షుగర్ పడిపోక ఏమవుతుంది? ఆ చెమటలూ వణుకూ చాలావరకు దానివే. మావుసి మాట మీద నాకు గౌరవమే గానీ, ఈసారి అలా అనిపించగానే మాల పక్కన పెట్టి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంటకు మళ్లీ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే ముందు పంచదార నీళ్లే తాగండి.

రేపటి నుంచి మాత్రను టిఫిన్ వేళకు జరపండి, తినే ముందే వేసుకోండి. ఈ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి, డోసు తగ్గించాలో లేదో ఆయన చూస్తారు. మీ అంతట మీరు మానేయకండి. పాలూ పండూ పుచ్చుకుని జపానికి కూర్చోవచ్చా అన్నది మీ పురోహితుణ్ని అడగండి. మా ఇళ్లల్లో మాత్రం రోగులకూ ముసలివాళ్లకూ ఆ మినహాయింపు ఎప్పుడూ ఉంది.

ఇక పాదం. మాలకు 108 పూసలైనా ఎనిమిది దోషాలకు వదిలి నూరే లెక్కగడతారు కాబట్టి మీ 25 మాలలు 40 రోజులకు సరిగ్గా లక్ష. మంత్రానికి రెండు సెకన్లు వేసుకున్నా రోజుకు గంటన్నర బాసింపట్టు! మోకాలి కింద బయటివైపు ఎముకను చుట్టుకుని ఒక నరం పోతుంది. కాలు మడిచి అంతసేపు కూర్చుంటే అది నలుగుతుంది. కుర్చీలో కూర్చోండి, లేదా ఐదు మాలలకోసారి కాళ్లు చాపండి. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని చేసుకున్నా సరిపోతుంది. మానసిక జపం అయితే కుర్చీలో కూర్చునీ చేసుకోవచ్చు కదా.

జపం మంచిదేనా అంటే, మంచిదే. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత మంత్రమూ, క్రైస్తవుల జపమాల ప్రార్థనా చెప్పించి చూస్తే ఊపిరి నిమిషానికి ఆరుసార్లకు దగ్గరగా నెమ్మదించింది. బీపీని సర్దే నరాల స్పందన కూడా మెరుగైంది. అయితే లెక్క ముగించాలని పరుగు పెట్టిస్తే ఊపిరి అలా నెమ్మదించదు. పైగా అది చిన్న పరిశోధన, దాన్ని చూసి బీపీ, షుగర్ మందులు మానేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

లేచిన పది నిమిషాల్లో మొద్దు వదిలిపోతే భయం లేదు. రోజంతా ఉంటున్నా, నడుస్తుంటే చెప్పు జారినా తెలియకపోతున్నా, పాదం పైకి లేవకపోయినా బరంపురం గానీ శ్రీకాకుళం గానీ వెళ్లి నరాల డాక్టర్‌కు ఆ వారంలోనే చూపించుకోండి.