నోట్‌బుక్కులో తెలుగు, నోట అరబిక్

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. చెన్నై గ్రీమ్స్ రోడ్డు ప్రాంతంలోని ఒక ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఒమన్ నుంచి వచ్చే రోగుల బంధువులతో నేరుగా మాట్లాడాలన్న కోరికతో, రెండు నెలలుగా అరబిక్ వాక్యాలను తెలుగు లిపిలో రాసుకొని బట్టీపడుతున్నాను. నేను మాట్లాడితే వాళ్లు మర్యాదకు నవ్వి, దుబాసీ కోసం చూస్తున్నారు. ఈ వయసులో ఆ లిపి కూడా నేర్చుకోక తప్పదా?
– ఒక పాఠకుడు, వడపళని, చెన్నై

జవాబు: తప్పదు. ఇబ్బందంతా ఆ నోట్‌బుక్కులోనే ఉంది; దానికి మీ వయసుతో సంబంధం లేదు. అరబిక్‌లో గుండెను ‘కల్బ్’ అంటారు. కుక్క అని అర్థమిచ్చే మాటను తెలుగులో రాసినా ‘కల్బ్’ అనే రాయాలి. కుక్కలోని ‘క’ మన ‘క’యే కాని, గుండెలోనిది కొండనాలుక దగ్గర పుడుతుంది. ఆ రెండు అక్షరాల పేర్లనూ మనం ‘కాఫ్’ అనే రాసుకోవలసి రావడం మరీ విడ్డూరం. గుండె పరీక్షకు వచ్చిన పెద్దమనిషిని కుక్క ఎలా ఉందని అడిగితే, పాపం, ఆయన నవ్వక ఏం చేస్తారు?

లిపి మీరు భయపడినంత కష్టం కాదు. కుడి నుంచి ఎడమకు రాసే 28 అక్షరాలు పదంలో చోటును బట్టి రూపు మార్చుకుంటాయి కాని, చాలావాటి ఒడ్డూపొడవూ ఒకటే, తేడా చుక్కల్లో ఉంటుంది: దోనెలాంటి ఒకే గీతకు కింద ఒక చుక్క పెడితే ‘బ’, పైన రెండు పెడితే ‘త’. గుణింతాలతో పెరిగిన మనకు అసలు చిక్కు వేరే ఉంది. మామూలు రాతలో హ్రస్వాచ్చులకు గుర్తులు వేయరు కనుక, మాట ముందే తెలిస్తేనే సరిగా చదవగలం. అందుకే అచ్చుల గుర్తులన్నీ వేసిన పిల్లల వాచకాలతో మొదలుపెట్టండి, నామోషీ పడకండి.

మాటలు పోగుచేసుకోవడంలో తెలుగే మీకు సాయం చేస్తుంది. ‘తహసీల్దారు’లోని తహసీలు, పంట ‘మహసూలు’ ఒకే మూడు హల్లుల ధాతువు నుంచి పుట్టిన అరబిక్ మాటలు. ‘హాజరు’, ‘హుజూరు’ కూడా అలాంటి జంటే. ఒకే ధాతువు నుంచి మాటలు పుట్టే ఈ తీరు పట్టుబడితే కొత్త మాటను చూడగానే దాని చుట్టాలను పోల్చుకోగలుగుతారు.

పుస్తకాల్లో, వార్తల్లో ఉండే ప్రామాణిక భాషను ‘ఫుస్‌హా’ అంటారు. ఇళ్లలో మాట్లాడేది దేశానికో తీరు. గల్ఫ్‌లో చాలాచోట్ల గుండె ‘గల్బ్’ అవుతుంది. చదువు ఫుస్‌హాలో సాగించి, పలకరింపులూ కౌంటరు దగ్గరి నాలుగు మాటలూ మాత్రం మీ దుబాసీ నోట విని పట్టుకోండి. క్రమంగా చదవాలనుకుంటే మద్రాసు విశ్వవిద్యాలయంలో అరబిక్, పారశీక, ఉర్దూ శాఖ ఉంది; ఉద్యోగస్థులకు వీలైన తరగతుల గురించి అక్కడ అడగండి.

మీది బిల్లింగ్ కనుక అంకెల సంగతి ఒకటి. గల్ఫ్‌లో వాడే అంకెల్లో అయిదు మన సున్నలా గుండ్రంగా ఉంటుంది, సున్న ఉత్త చుక్క. అక్షరాలకు భిన్నంగా అంకెలను ఎడమ నుంచి కుడికే రాస్తారు. నోటితో చెప్పేటప్పుడు మాత్రం ఇరవై అయిదును ‘అయిదూ ఇరవై’ అంటారు. కాబట్టి మీ అరబిక్ ఎంత బాగుపడినా, కొన్నాళ్లపాటు మొత్తాన్ని కాగితం మీద రాసి చూపించండి. చికిత్సకు సంబంధించిన మాటలను దుబాసీకే వదిలిపెట్టండి.