ఆదివారం రైఫిల్ శిక్షణ మొదలుపెడుతున్న అబ్బాయికి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

శ్రీకాకుళంలో మీ మిత్రులంతా కలిసి ఆదివారం ఉదయాల్లో పిల్లలకు ఉచితంగా ఎయిర్ రైఫిల్ నేర్పాలని నిశ్చయించుకున్నారనీ, అందుకోసం మూతపడిన బియ్యం మిల్లు గోదామును అడిగి తీసుకున్నారనీ నీ ఉత్తరంలో చదివి ఎంతో సంతోషించాను. ఎలా నేర్పాలో వివరంగా రాయమన్నావు. నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఒకటే: నేర్పేవాడు కాల్చే పిల్లవాణ్ణి చూడాలి. కాగితం మీది చిల్లులు ఎక్కడికీ పోవు, వాటిని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. గుండు వెళ్ళిన క్షణంలో వేలు ఏం చేసింది, భుజం ఎటు కదిలింది, కన్ను మూసుకుందా అన్నది అప్పుడు చూడకపోతే మళ్ళీ చూడలేము.

గోదాము పొడవు మన పనికి సరిపోతుంది. టార్గెట్ల వెనుక ఇసుక నింపిన గోనె సంచులు మనిషి ఎత్తున పేర్చండి. ఆ ఇసుకను ముందు జల్లెడ పట్టి గులకరాళ్ళు తీసేయించు, ఎందుకంటే రాయికి తగిలిన పెల్లెట్, అంటే ఈ తుపాకుల చిన్న సీసపు గుండు, ఎటు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు. టార్గెట్ల వైపు తలుపులకు లోపలి నుంచి గడియ పెట్టాలి. అందరూ కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఆజ్ఞలు ఇచ్చే గొంతు ఒక్కటే ఉండాలి కానీ, ‘ఆపండి’ అని అరిచే హక్కు మాత్రం అక్కడున్న చిన్నపిల్లతో సహా అందరికీ ఉండాలి. మీ దగ్గరున్నవి ఎక్కువగా బ్యారెల్ (గొట్టం) కిందికి వంచి పెల్లెట్ పెట్టే స్ప్రింగు తుపాకులన్నావు కాబట్టి ఒక జాగ్రత్త చెబుతున్నాను. బ్యారెల్ వంచిన తర్వాత, పెల్లెట్ పెట్టి మళ్ళీ మూసేదాకా, రెండో చేయి బ్యారెల్‌ను వదలకూడదు. ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఒక్కసారిగా పైకి లేచి వేళ్ళను నలిపేస్తుంది.

2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళ శక్తినిగాని, 0.177 అంగుళాల గొట్టపు లోపలి వెడల్పునుగాని మించిన ఎయిర్ గన్‌కు లైసెన్సు అవసరం. మీవి ఆ హద్దుల్లో ఉన్నవే అయినా, మొదటి ఆదివారానికి ముందే ఊరి పోలీసు స్టేషనుకు వెళ్ళి విషయం చెప్పి రావడం మంచిది. పిల్లల చేతికి తుపాకీ ఏమిటని తల్లిదండ్రులు జంకితే, 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలోనేనని చెప్పి, వాళ్ళను కూడా ఒకసారి వచ్చి చూడమను.

ఇక నేర్పే సంగతి. తుపాకీ ఇవ్వకముందే ప్రతి పిల్లవాడికీ ఏ కన్ను బలమైనదో చూడాలి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరాన ఉన్న నీ ముక్కును చూడమంటే, అవతల నీకు కనిపించే కన్నే వాడి బలమైన కన్ను. కుడిచేతి వాటం పిల్లల్లోనూ ఎడమకన్ను బలంగా ఉన్నవాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. మొదటి రోజునే వాళ్ళను ఎడమ భుజానికి మార్చితే తర్వాత నెలల కష్టం తప్పుతుంది. రెండో కంటిని బలవంతంగా మూయించకుండా, కళ్ళద్దం మీద ఆ వైపు తెల్లకాగితం అంటిస్తే ముఖం బిగుసుకోదు. నిలబడి కాల్చడం అప్పుడే వద్దు. బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇసుక సంచి మీద అరచేయి, అరచేతి మీద తుపాకీ ఉంచాలి. స్ప్రింగు తుపాకీని నేరుగా సంచి మీద ఆనించినా, గట్టిగా అదిమి పట్టినా, లోపలి అదురుకు గుండు చెప్పిన చోటికి పోదు.

చూపు నిలపవలసింది బ్యారెల్ కొసన గురి చూసేందుకు ఉండే ఫోర్‌సైట్ మీద. టార్గెట్ కాస్త మసకగా కనబడాలి. పిల్లలు దీన్ని వెంటనే నమ్మరు కనుక లెక్క వేసి చూపించు. ఈ ఫోర్‌సైట్‌కూ కంటి దగ్గరుండే వెనుక సైటుకూ మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకుంటే, ఫోర్‌సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో గుండు 20 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పోటీ టార్గెట్‌లో నల్లని వృత్తం మొత్తం వెడల్పే 30.5 మిల్లీమీటర్లు కాబట్టి, నడిమధ్యకు గురిపెట్టినా ఆ గుండు నలుపు దాటిపోతుంది.

అసలు కష్టమంతా ట్రిగ్గర్ దగ్గరే. నువ్వు పిల్లవాడి కుడిపక్కన, కాస్త వెనగ్గా కూర్చొని వాడి చేతిని చూడు. బొటనవేలి గోరు తెల్లబడిందంటే పిడిని పిసికేస్తున్నాడన్నమాట. చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్‌కు ఆని, తక్కిన చేయి కదలకుండా, ఆ ఒక్క వేలే నేరుగా వెనక్కి రావాలి. గుండు ఎప్పుడు వెళ్తుందో వాడికే ముందుగా తెలియనంత నిదానంగా ఒత్తిడి పెరగాలి. వెళ్ళిన తర్వాత కూడా వేలు ట్రిగ్గర్ మీదే, చూపు ఫోర్‌సైట్ మీదే ఉంచి మనసులో రెండు అంకెలు లెక్కపెట్టుకోమను. చప్పుడుకు ముందే కన్ను మూసుకునే పిల్లలకు ఖాళీ తుపాకీతో సాధన చేయించడం మంచి పద్ధతే, కానీ అందుకు ఖాళీగా పేల్చే సౌకర్యం ఉన్న పోటీ రైఫిల్‌నే వాడాలి. స్ప్రింగు తుపాకీని పెల్లెట్ లేకుండా పేల్చితే పిస్టన్ నేరుగా వెళ్ళి గుద్దుకుని లోపలి భాగాలు పాడవుతాయి.

ఒకేసారి నాలుగు తప్పులు కనిపించినా ఒక్కటే చెప్పు. ఐదు గుండ్లు కాల్చాక కాగితం తెప్పించి, అవి ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో మాత్రమే చూడండి. మధ్యలో పడలేదని సైటు తిప్పి గురి సరిచేయడం మొదలుపెడితే పిల్లవాడి పొరపాటేదో తుపాకీ తేడా ఏదో ఇక తేల్చలేరు. రెండు రూపాయల నాణెం కింద కప్పబడేలా ఐదూ ఒకచోట పడుతున్నాయంటే, సైటు తిప్పడం అప్పుడు క్షణం పని. గురిపెట్టాక పది సెకన్ల లోపు గుండు వెళ్ళకపోతే ఊపిరి బిగిసి చూపు చెదురుతుంది. అప్పుడు కాల్చకుండా తుపాకీ దించి మళ్ళీ మొదలుపెట్టాలి. నడిమధ్యన పది మార్కుల చోట కొట్టిన వాడికంటే, అలా దించిన వాణ్ణి అందరి ముందూ మెచ్చుకో. పిల్లలు దేనికి మెప్పు దొరుకుతుందో దాన్నే పట్టుకుంటారు.

ఇంకొక విషయం మొదటి రోజే కఠినంగా చెప్పాలి. మీ శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి ఏటా ఎంతెంత దూరాల నుంచో కొంగలూ గూడబాతులూ వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. పిట్ట మీదికి తుపాకీ ఎత్తిన వాడికి, వాడు ఎంత బాగా కాల్చినా, మన దగ్గర చోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి పెద్ద పిల్లలకు చెప్పు, చిన్నవాళ్ళకు ఆ పక్షులను తీసుకెళ్ళి చూపించు.

పెల్లెట్లు సీసంతో చేసినవి. కాబట్టి శిక్షణ ముగిశాక ప్రతి ఒక్కరూ సబ్బుతో చేతులు కడుక్కున్న తర్వాతే ఇడ్లీ పొట్లాలు విప్పాలి, కాల్చే చోటికి తినేవి తీసుకురానే కూడదు. తుపాకులు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ ఖాళీగా ఉన్నదని ఇద్దరు వేర్వేరుగా చూసి సంతకం పెట్టాకే బీరువాలో పెట్టి తాళం వేయండి. ప్రతి పిల్లవాడి కాగితం మీద తేదీ వేసి నీ దగ్గరే దాచు. నెల తర్వాత నేను వచ్చినప్పుడు అవన్నీ వరసగా పరిచి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న