పసిపిల్లల చేతివాటానికి పోలీసు స్టేషను మందు కాదు

మీ ఏడేళ్ల మేనల్లుడు సూపర్ మార్కెట్‌లో చాక్లెట్లు జేబులో వేసుకుని వచ్చాడని, ఒకసారి స్టేషనుకు తీసుకువెళ్లి లాకప్ చూపిస్తే బుద్ధి వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు, ఇలాంటప్పుడు పోలీసులు ఏం చేయాలని అడిగారు. దయచేసి తీసుకువెళ్లకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అంబాజీపేట దగ్గర కాలువ గట్టున, బడికి ఎదురుగా మాకు స్టేషనరీ కొట్టు ఉంది. మా అత్తగారి తరువాత గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చుంటున్నాను. రబ్బర్లు, స్టిక్కర్లు, జడ క్లిప్పులు మాయం కాని సంవత్సరం లేదు. బాగా చదివేవాళ్లూ తీస్తారు, మేడల్లో ఉండే పిల్లలూ తీస్తారు. చిన్నప్పుడు రబ్బరు ఎత్తుకుపోయి పెద్దయ్యాక దొంగగా తేలినవాళ్లను నేను ఒక్కరిని కూడా చూడలేదు. నలుగురి ముందు దెబ్బలు తిన్న పిల్లలు మాత్రం దొరకకుండా తీయడం నేర్చుకుంటారు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం కొట్టు నిండా జనం. అట్టలు, లేబుళ్లు, జామెట్రీ పెట్టెల కోసం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆ రద్దీలో కొబ్బరి దింపుకు వెళ్లే ఒకాయన మూడో తరగతి చదివే కూతురిని మణికట్టు పట్టుకుని లాక్కొచ్చారు. ఆమె గుప్పిట్లో చేప ఆకారంలో ఉన్న షార్పెనర్ ఉంది. పది రూపాయల వస్తువు. "అక్కగారూ, ఇది మీ కొట్టులోదేనా? డబ్బిచ్చి కొన్నదా?" అని అందరికీ వినబడేలా అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పాప వీపు మీద ఒకటి పడింది.

అదే సమయానికి మా ప్రాంతంలో పనిచేసే హెడ్ కానిస్టేబుల్ ఒకాయన జిరాక్సు కోసం వచ్చి నిలబడి ఉన్నారు. యూనిఫాంలోనే ఉన్నారు. తండ్రి ఆయన వైపు తిరిగి, "సార్, మీరైనా రెండు తగిలించండి, జన్మలో ఇంకొకరి వస్తువు ముట్టుకోదు" అన్నారు. అప్పటిదాకా ఎవరి చేతి నుంచి తప్పించుకోవాలని పెనుగులాడిందో, పాప ఆ తండ్రి లుంగీ వెనుకకే వెళ్లి దాక్కుంది. ఆ కానిస్టేబుల్ గారు పాప వైపు చూడను కూడా చూడలేదు. "నేను జిరాక్సు కోసం వచ్చానయ్యా, ఇక్కడ నాకు వేరే పనేమీ లేదు" అని కాగితాలు బల్ల మీద పెట్టి, బయటకు వెళ్లి బండి దగ్గర నిలబడ్డారు. పోలీసులు ఏం చేయాలని మీరు అడిగారు కదా, ఆయన చేసినదే నా జవాబు.

మిగతా బేరాలను మా అమ్మాయికి అప్పగించి, పాపను బల్ల లోపలి వైపుకు పిలిచాను. "ఎందుకు తీశావు?" అని అడగలేదు. ఆ ప్రశ్నకు ఏ పిల్లలూ జవాబు చెప్పరు. "దీంతో ఏం చేద్దామనుకున్నావు తల్లీ?" అన్నాను. కుడిచేతి చూపుడు వేలు చూపించింది. గోరు పక్కన సన్నగా మూడు నాలుగు గాట్లు, ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది. ఇంట్లో సగానికి విరిచిన బ్లేడుతో పెన్సిలు చెక్కుకుంటోంది. తండ్రి ఆ వేలును చూసి ఏమీ అనలేదు, మణికట్టు వదిలేశారు.

ఇక్కడ చాలామంది కొట్టువాళ్లు "పోనీలే, ఉంచుకో" అంటారు. అది తప్పు. నేను డబ్బు తీసుకున్నాను. తండ్రి లుంగీ మడత నుంచి తీసిన పది రూపాయల నోటును పాప చేతికి ఇమ్మని, ఆమె చేతనే గల్లాపెట్టెలో వేయించాను. డబ్బు వేశాక షార్పెనర్ ఆమెది. మళ్లీ ఆ మాట ఎత్తనని తండ్రి చేత అనిపించాను. ఉచితంగా ఇస్తే దొంగిలించినందుకు బహుమతి ఇచ్చినట్లవుతుంది. అడిగితే కొనిపెట్టేవారని పిల్లకు తెలియకుండానే పోతుంది.

ఆ కానిస్టేబుల్ గారు చట్టం తెలిసి పక్కకు తప్పుకున్నారో, మనసుకు తోచి తప్పుకున్నారో గానీ చట్టం కూడా ఆయన వైపే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేసినది ఏదీ నేరం కాదు. ఏడు దాటి పన్నెండు నిండని పిల్లలకు తాము చేసిన పని ఎలాంటిదో, దాని ఫలితం ఏమిటో తెలిసేంత పరిణతి లేకపోతే అదీ నేరం కాదని 21వ సెక్షన్ చెబుతోంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని ఎవరినీ పోలీసు లాకప్‌లో పెట్టకూడదు. బేడీలు వేయకూడదు. ఇలాంటి చిన్న దొంగతనానికి ఎఫ్‌ఐఆర్ కూడా కట్టకూడదు, స్టేషను డైరీలో రాసుకోవాలంతే. ప్రతి స్టేషనులోనూ పిల్లల వ్యవహారాలు చూడడానికి ఏఎస్ఐ స్థాయికి తగ్గని అధికారి ఒకరు ఉండాలి. లాకప్ చూపించమని అడిగే తల్లిదండ్రులు ఆ అధికారి ఎవరని ఎప్పుడైనా అడిగారా?

పెద్దవాళ్లే వెనుక ఉండి పిల్లల చేత దొంగతనాలు చేయిస్తుంటే, అది వేరే సంగతి. అక్కడ పోలీసులు తప్పకుండా రావాలి, పట్టుకోవలసింది ఆ పెద్దవాళ్లను. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవలసింది కూడా అలాంటప్పుడే.

అసలు ఈ పోలీసు భయం మన ఇళ్లలో అన్నం ముద్ద దగ్గర నుంచే మొదలవుతుంది: "తినకపోతే పోలీసుకు పట్టిస్తాను." మా కోనసీమలో అంతర్వేది తీర్థంలో, జగ్గన్నతోట ప్రభల ఉత్సవంలో తప్పిపోయిన పిల్లలను చూడండి. ఖాకీ చొక్కా కనబడగానే ఏడుపు రెట్టింపు చేసి జనంలోకి పరుగెత్తుతారు. ఆ గుంపులో పిల్లవాడిని ఇంటికి చేర్చగలిగిన మనిషిని చూసి పిల్లవాడు పారిపోతున్నాడంటే, ఆ భయం పెట్టింది మనమే.

నాకు ఇంకా మండిపోయే విషయం సీసీ కెమెరాలు. దొంగలను పట్టడానికని పెట్టుకుంటారు, చివరికి పిల్లల బొమ్మలు వాట్సాప్ గుంపుల్లో తిప్పుతారు. దగ్గరి పట్నంలో ఒక పెద్ద కొట్టువాళ్లు పదేళ్ల కుర్రవాడు బిస్కట్ ప్యాకెట్ చొక్కాలో దాచుకుంటున్న వీడియోను ఇలాగే పంపారు. వారం తిరగకముందే ఆ కుర్రవాడు బడి మానేశాడు. తరువాత ఊళ్లోనే లేడు, ఎక్కడో హాస్టల్లో చేర్పించారట. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, గుర్తుపట్టగలిగే వివరం ఏదైనా బయటపెడితే బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కేసు లేని పిల్లవాడి పరువుకు అంత విలువ లేదా? చాక్లెట్లు, లోపల బొమ్మ ఉండే చాక్లెట్ గుడ్లు సరిగ్గా పిల్లల కంటికి ఎదురుగా, బిల్లు కట్టే చోట పేర్చేది కూడా ఈ పెద్ద కొట్లవాళ్లే. చేయి చాపమని పిలుస్తారు, చాపితే వీడియో తీస్తారు.

మీ మేనల్లుడిని వాళ్ల అమ్మో నాన్నో ఉదయం కొట్టు తెరిచే వేళకు, జనం లేనప్పుడు తీసుకువెళ్లమనండి. మీరు వెంట వెళ్లకండి, ఎంత మంది పెద్దవాళ్లుంటే వాడికి అంత అవమానం. తినకుండా మిగిలినవి ఉంటే వాడి చేతనే తిరిగి ఇప్పించాలి. తిన్నవాటికి డబ్బు వాడి హుండీలోనుంచి తీసి వాడి చేతనే కట్టించాలి. క్షమించమని మూడుసార్లు చెప్పించవలసిన పని లేదు, ఒక్కసారి చాలు. కొట్టు యజమాని దగ్గర వీడియో ఉంటే తుడిచివేయమని తండ్రే నోరు తెరిచి అడగాలి. ఆయన ఒప్పుకోకపోతే, కేసు లేని పిల్లవాడికీ పరువు ఉంటుందని చెప్పమనండి. వచ్చే వారం అదే కొట్టుకు వాడిని ఉప్పు ప్యాకెట్ కోసం ఒంటరిగా పంపమనండి, చేతిలో లెక్కకు సరిపోయే చిల్లర పెట్టి.